ఇంట్లో చేసే బీరుకు మంచి రుచి రావాలంటే: ఉష్ణోగ్రతను అదుపు చేసే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

డాలస్ చుట్టుపక్కల ఇళ్లలో బీరు తయారుచేసుకునే మన తెలుగువాళ్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "అన్నా, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) మంచిదే కొన్నాను, హాప్స్ (చేదు, పరిమళం ఇచ్చే పువ్వులు) తాజావే వేశాను, బకెట్లు శుభ్రంగా కడిగాను. అయినా నోట్లో పోసుకుంటే ఘాటు, గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన. తప్పు ఎక్కడ జరిగింది?"

నేను తిరిగి అడిగేదీ ఒకటే: "ఈస్ట్ వేసిన మర్నాడు బకెట్ లోపల ఎన్ని డిగ్రీలుంది?" జవాబుగా ఇంట్లో ఏసీ ఎంతలో పెట్టారో చెబుతారు. బకెట్‌లో ఎంత ఉందో చెప్పినవాళ్లు చాలా తక్కువ.

ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిన విషయాలన్నీ ఇక్కడ వరసలో పెడుతున్నాను. ఉదాహరణకు 19 లీటర్ల పేల్ ఏల్ (లేత రంగు బీరు) తీసుకున్నాను, అంటే అమెరికా కొలతలో 5 గ్యాలన్లు. డిగ్రీలన్నీ సెల్సియస్. ఫారెన్‌హీట్‌కు అలవాటుపడినవారు ఈ నాలుగూ గుర్తుపెట్టుకుంటే చాలు: 2 అంటే 36, 18 అంటే 64, 20 అంటే 68, 66 అంటే 151.

చట్టం మాట ముందే చెప్పాలి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సొంత వాడకానికి, ఇంట్లో వయోజనులు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు చేసుకోవచ్చు. అమ్మకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం నేరం. ఈ పద్ధతిని అక్కడి బంధువులకు పంపి చేసి చూడమనకండి.

1. ఏ వేడికి ఏ రుచి

ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్‌నూ కార్బన్ డయాక్సైడ్‌నూ వదులుతుంది. వాటితోపాటు వేడినీ వదులుతుంది. గది 21 డిగ్రీలున్నా, పులియడం జోరందుకున్న బకెట్ లోపల 24 నుంచి 26 దాకా ఉంటుంది. ఇంట్లో చేసిన బీరు చెడడానికి నేను చూసిన కారణాల్లో మొదటిది, ఈ తేడాను లెక్కలోకి తీసుకోకపోవడమే.

ఇడ్లీ పిండి సంగతి మనందరికీ తెలుసు. మే నెలలో విజయవాడలో రాత్రి రుబ్బిన పిండి తెల్లారేసరికి పొంగి పొర్లుతుంది. డిసెంబరులో షికాగోలో ఓవెన్‌లో దీపం వేసి పెడితే తప్ప కదలదు. బీరు కూడా అలాంటిదే. కాకపోతే పిండి పులిసినా అట్టు పోసుకోవచ్చు, బీరులో చేరిన ఘాటును మాత్రం తర్వాత తీసే మార్గం లేదు.

రుచిని బట్టి కారణం పట్టుకోవడం నేర్చుకోండి:

- అరటిపండు వాసన: ఐసోఅమైల్ అసిటేట్ అనే ఎస్టర్ (పండ్ల వాసనిచ్చే పదార్థం). జర్మన్ గోధుమ బీరులో ఇది కావలసిందే. పేల్ ఏల్‌లో వచ్చిందంటే పులియడం వేడిగా జరిగింది.
- గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన, గొంతులో మంట: ఇథైల్ అసిటేట్, ఫ్యూజల్ ఆల్కహాళ్లు. వేడి బాగా పెరిగింది.
- పాప్‌కార్న్ మీద పోసే వెన్న వాసన, నాలుకకు జిడ్డు: డయాసిటైల్. చివర్లో ఈస్ట్‌కు చాలినంత వెచ్చదనం, సమయం దొరకలేదు.
- పచ్చి యాపిల్ వాసన: ఎసిటాల్డిహైడ్. పని పూర్తి కాకముందే బీరును ఈస్ట్ నుంచి వేరుచేశారు లేదా చల్లబరిచారు.
- ఉడికించిన మొక్కజొన్న వాసన: డైమిథైల్ సల్ఫైడ్. మూత పెట్టి మరిగించారు లేదా చాలాసేపు వేడిగా వదిలేశారు.

ఎస్టర్లు, ఫ్యూజల్ ఆల్కహాళ్లు చాలావరకు ఈస్ట్ సంఖ్య పెరిగే తొలి దశలో పుడతాయి. కాబట్టి మొదటి 72 గంటల్లో బీరు ఎంత వేడిలో ఉందన్నదే రుచిని తేలుస్తుంది. వారం తర్వాత చల్లటి చోటికి మార్చి ప్రయోజనం లేదు.

2. సామాను: దేనికి ముందు డబ్బు పెట్టాలి

మెరిసే స్టీలు పాత్ర, మాల్ట్ మర, కెగ్గు, ఇవన్నీ తర్వాత కొనవచ్చు. ముందు బీరు ఉష్ణోగ్రతను పట్టి ఉంచే ఏర్పాటు చేసుకోండి. మీ జేబును బట్టి మూడు దారులున్నాయి.

మొదటిది, నీళ్ల తొట్టి. పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో బకెట్ పెట్టి, బీరు మట్టానికి సగం పైదాకా నీళ్లు పోయండి. చుట్టూ ఉన్న నీరు వేడిని పీల్చుకుంటుంది, అదాటున పెరగనివ్వదు. గడ్డకట్టిన నీళ్ల సీసాలు రెండు ఉదయం, రెండు సాయంత్రం వేస్తే గది కన్నా 4 నుంచి 6 డిగ్రీలు తక్కువగా నిలుపుకోవచ్చు. బకెట్‌కు తడి చొక్కా తొడిగి ఫ్యాను పెడితే ఇంకొంచెం తగ్గుతుంది. మట్టికూజాలో నీళ్లు చల్లబడే కిటుకే ఇది. కూజా ఉక్కపోతలో సరిగ్గా పనిచేయదు కదా, తడి చొక్కా కూడా అంతే. పొడిగా ఉండే ఫీనిక్స్‌లో బాగుంటుంది, హ్యూస్టన్‌లో పెద్దగా ఫలితం ఉండదు.

రెండోది, పాత ఫ్రిజ్ లేదా చెస్ట్ ఫ్రీజర్, దానికో ఉష్ణోగ్రత నియంత్రిక. నేను అందరికీ చెప్పేది ఇదే. ఇంక్‌బర్డ్ ఐటీసీ-308 లాంటి నియంత్రికకు రెండు సాకెట్లుంటాయి. చల్లబరిచేదానిలో ఫ్రీజర్‌ను, వేడిచేసేదానిలో హీట్ బెల్ట్‌ను (బకెట్‌కు చుట్టే వేడి పట్టీ) పెట్టాలి. ఫ్రీజర్ కొనేముందు మీ బకెట్‌ను ఎయిర్‌లాక్‌తో (లోపలి వాయువును వదిలి, బయటి గాలిని రానివ్వని మూత మీది గొట్టం) సహా టేపుతో కొలవండి. లోపల కంప్రెసర్ మీది మెట్టును కూడా కొలవండి. కొలవకుండా కొని, మూత పడక తిరిగి అమ్మినవాళ్లు నాకు తెలుసు.

మూడోది, పులియబెట్టే పాత్రలోనే చుట్ట గొట్టం ఉండి, చల్లటి నీరు తిరిగే ఏర్పాటు. నెలకు మూడు నాలుగుసార్లు చేసేవారికి తప్ప దీని అవసరం లేదు.

ఫ్రీజర్ వాడేవారికి రెండు జాగ్రత్తలు. తడి చేరే చోట జీఎఫ్‌సీఐ సాకెట్ (కరెంటు లీకైతే వెంటనే ఆగిపోయేది) తప్పనిసరి. ఇక 19 లీటర్ల బీరు పులిసేటప్పుడు వందల లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అది చెస్ట్ ఫ్రీజర్ అడుగున నిలుస్తుంది. మూత తీసి కాసేపు ఆగకుండా తల లోపల పెట్టకండి.

3. ప్రోబ్‌ను ఎక్కడ పెట్టాలి

దీనికి ప్రత్యేకంగా ఒక భాగం ఇస్తున్నాను. ఎందుకంటే మంచి ఫ్రీజరూ నియంత్రికా కొని కూడా ఇక్కడే దెబ్బతింటారు.

ప్రోబ్ అంటే నియంత్రిక తీగ చివర ఉండే, వేడిని కొలిచే మొన. దాన్ని గాలిలో వేలాడదీస్తే అది గాలి వేడిని చూపుతుంది. గాలి 18 దగ్గర ఉందని ఫ్రీజర్ ఆగిపోతుంది, లోపల బీరు మాత్రం 22, 23 దగ్గర ఉంటుంది. నియంత్రిక మీద అంకె చక్కగా కనబడుతుంది, బీరు పాడవుతుంది.

సరైన పద్ధతి:

- బకెట్ వెలుపలి గోడకు, బీరు మట్టానికి మధ్యలో ప్రోబ్‌ను ఆనించండి.
- దాని మీద అరచేయంత వెడల్పున్న మందపాటి ఫోమ్ ముక్కను, లేదా నాలుగు మడతల బుడగల ప్లాస్టిక్‌ను కప్పండి.
- గట్టి టేపుతో చుట్టూ బిగించండి. గాలి లోపలికి పోకూడదు.
- హీట్ బెల్ట్ వాడితే అది ప్రోబ్‌కు ఎదురువైపు ఉండాలి.

బీరు మధ్యలోకి దిగే సన్నటి స్టీలు గొట్టంలో ప్రోబ్ పెట్టవచ్చు. అదీ మంచిదే. కాకపోతే నడిమధ్య చల్లబడేసరికి ఫ్రీజర్ మరీ చల్లగా అయి, బీరు కావలసినదాని కన్నా కిందికి జారుతుంది. గోడకు ఆనించే పద్ధతిలో ఆ ఊగిసలాట తక్కువ.

నియంత్రికలో తేడాను (పెట్టిన అంకెను ఎంత దాటితే అది పని మొదలుపెట్టాలో) 0.5 డిగ్రీకి పెట్టండి. కంప్రెసర్ మళ్లీ మొదలవడానికి ముందు విరామం 5 నిమిషాలు ఉంచండి. ఇది లేకపోతే కంప్రెసర్ త్వరగా పాడవుతుంది.

4. ముందురోజు చేసుకోవలసినవి

- థర్మామీటర్ పరీక్ష: నలగ్గొట్టిన మంచు, కొంచెం నీళ్లు కలిపి ముంచితే 0 చూపాలి. మరిగే నీటిలో సముద్రమట్టం దగ్గర 100. డెన్వర్‌లో ఉంటే 95 దగ్గరే నీరు మరుగుతుంది, అక్కడ 100 కోసం చూడకండి.
- ఫ్రీజర్‌లో నీళ్లు నింపిన బకెట్ పెట్టి, రాత్రంతా 18 దగ్గర నిలుస్తుందో లేదో చూడండి.
- మంచు కనీసం 8 కిలోలు.
- ఈస్ట్ ప్యాకెట్ గడువు తేదీ.
- స్టార్ శాన్ (సూక్ష్మజీవులను చంపే ద్రవం) ద్రావణం: 19 లీటర్ల నీటికి సుమారు 30 మిల్లీలీటర్లు.
- ఒక నోటు పుస్తకం, పెన్ను.

5. మాష్: 66 డిగ్రీలు

మాష్ అంటే నలిపిన మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టడం. అందులోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైములు రెండు. బీటా అమైలేజ్ 60 నుంచి 65 మధ్య చురుకుగా ఉండి, ఈస్ట్ తినగలిగే చక్కెర ఎక్కువ చేస్తుంది. ఆల్ఫా అమైలేజ్ 68 నుంచి 72 మధ్య చురుకు, అది ఈస్ట్ తినలేని పెద్ద చక్కెరలనూ మిగులుస్తుంది. 64 దగ్గర మాష్ చేస్తే బీరు పొడిగా, తేలికగా వస్తుంది. 69 దగ్గర చేస్తే నోటికి నిండుగా వస్తుంది. పేల్ ఏల్‌కు నడుమ 66 బాగుంటుంది.

నీళ్లు ఎంత వేడిగా పోయాలన్నది లెక్కకట్టండి, ఊహించకండి. 4.5 కిలోల మాల్ట్, కిలోకు 3 లీటర్ల చొప్పున 13.5 లీటర్ల నీళ్లు అనుకుందాం. మాల్ట్ 24 డిగ్రీలుంటే:

- 0.41ని 3తో భాగించండి: 0.137
- 66 నుంచి 24 తీసేయండి: 42
- రెండింటినీ గుణించండి: 5.7
- దానికి 66 కలపండి: 71.7

అంటే నీళ్లు 72 దగ్గర ఉన్నప్పుడు మాల్ట్ కలపాలి. పాత్ర చల్లగా ఉంటే ముందు వేడినీళ్లతో తొలిపి పారబోయండి. కలిపాక మూడు చోట్ల కొలవండి. గంటసేపు దుప్పటి చుట్టి వదిలేయండి, మాటిమాటికీ మూత తీయకండి.

గింజలు కడిగే నీరు 77 దాటకూడదు. దాటితే పొట్టులోని వగరు దిగుతుంది.

6. మరిగించడం, చల్లార్చడం

మాష్ నుంచి వడకట్టిన తియ్యటి ద్రవాన్ని వర్ట్ అంటారు. దాన్ని మూత తీసి 60 నిమిషాలు మరిగించండి. పిల్స్‌నర్ మాల్ట్ అయితే 90. మూత మీద పట్టిన ఆవిరి తిరిగి పాత్రలో పడితే, పోవలసిన మొక్కజొన్న వాసన అందులోనే ఉండిపోతుంది.

పరిమళం కోసం వేసే చివరి హాప్స్‌ను మంట ఆపగానే వేయకండి. వర్ట్ 78కి దిగేదాకా ఆగి, అప్పుడు వేసి 20 నిమిషాలు ఉంచండి. 80 కన్నా కింద చేదు దిగడం బాగా నెమ్మదిస్తుంది, వాసన మాత్రం నిలుస్తుంది. హాప్స్ మొత్తం పెంచకుండానే పరిమళం పెరగడం మీకే తెలుస్తుంది.

తర్వాత వేగంగా చల్లార్చాలి. టెక్సస్ వేసవిలో మా కుళాయి నీరే 30 దగ్గర వస్తుంది. వర్ట్‌లో ముంచిన రాగి గొట్టం చుట్టలో ఆ నీరు ఎంతసేపు తిప్పినా వర్ట్ 32 కన్నా దిగదు. ఇలా చేయండి:

- మొదట కుళాయి నీటితో 38 దాకా దించండి.
- బకెట్‌లో నీళ్లు, మంచు వేసి, చిన్న మోటారుతో ఆ నీటినే చుట్టలో తిప్పండి. వచ్చిన నీరు తిరిగి మంచులోకే పోవాలి.
- ఈలోగా వర్ట్‌ను శుభ్రమైన గరిటెతో మెల్లగా కదుపుతూ ఉండండి. కదపకపోతే చుట్ట చుట్టూ ఉన్నది మాత్రమే చల్లబడుతుంది.

మంచు అయిపోయి 26 దగ్గర ఆగిపోతే కంగారు వద్దు. శుభ్రం చేసిన బకెట్‌లోకి వంచి మూత బిగించి, ఫ్రీజర్‌లో 17కి పెట్టి పడుకోండి. ఉదయం ఈస్ట్ వేయండి. శుభ్రత బాగుంటే ఆ ఒక్క రాత్రికి ఏమీ కాదు. వేడి వర్ట్‌లో ఈస్ట్ వేసి, "తర్వాత చల్లబడుతుందిలే" అనుకోవడం కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు.

7. ఈస్ట్ వేయడం

వర్ట్ 17 లేదా 18 దగ్గర ఉండాలి. పాత్రను బాగా కుదిపి గాలి చేర్చండి.

సేఫ్‌ఏల్ యూఎస్-05 లాంటి పొడి ఈస్ట్ 11.5 గ్రాముల ప్యాకెట్ ఒకటి, 1.060 లోపు సాంద్రత (నీటితో పోల్చిన బరువు, నీటికి 1.000) ఉన్న 19 లీటర్లకు సరిపోతుంది. ప్యాకెట్ ఫ్రిజ్‌లో ఉంటే రెండు గంటల ముందు బయట పెట్టండి. ద్రవ ఈస్ట్ అయితే దానికీ వర్ట్‌కూ తేడా 5 డిగ్రీలు మించకూడదు. మించితే ఈస్ట్‌కు దెబ్బ తగిలి మొదలవడం ఆలస్యమవుతుంది.

వేసే ముందు సాంద్రత చూడండి. హైడ్రోమీటర్ (సాంద్రత కొలిచే గాజు సాధనం) ఏ ఉష్ణోగ్రతకు తయారైందో దాని మీదే రాసి ఉంటుంది, సాధారణంగా 15.6 లేదా 20. 15.6కు తయారైనదాన్ని 30 డిగ్రీల వర్ట్‌లో ముంచితే సుమారు 0.003 తక్కువ చూపుతుంది.

8. మొదటి మూడు రోజులు

మొదటి 12 గంటలు: నియంత్రికను 18కి పెట్టండి. బుడగలు రావు. చాలామంది ఇక్కడే ఓపిక కోల్పోయి 22కి పెంచుతారు. అలా చేయకండి. ఈస్ట్ పెరుగుతోంది, రుచికి పునాది పడేది ఇప్పుడే. ఇప్పుడు ఇచ్చిన వేడి మొత్తం ఎస్టర్లుగా మారి కనబడుతుంది.

12 నుంచి 48 గంటలు: నురుగు లేస్తుంది, ఎయిర్‌లాక్ గడగడలాడుతుంది. బీరు వేడి గంట గంటకూ పెరగాలని చూస్తుంది. ఫ్రీజర్ ఎక్కువగా పనిచేసేది ఈ సమయంలోనే. నీళ్ల తొట్టి వాడేవారు మంచు సీసాలు ఈ రెండు రోజులూ పూటపూటకూ మార్చాలి. రాత్రి పడుకునేముందు ఒకసారి తప్పనిసరి. బకెట్ గోడ 19 దాటితే ఇంకో సీసా వేయండి, 17 కిందికి పోతే ఒకటి తీసేయండి.

48 నుంచి 72 గంటలు: జోరు తగ్గడం మొదలవుతుంది. ఇక్కడ రెండో ప్రమాదం ఉంది. ఈస్ట్ వేడి తగ్గేసరికి బకెట్ తనంతట తానే చల్లబడుతుంది. చల్లబడితే ఈస్ట్ అడుగుకు చేరి నిద్రపోతుంది, డయాసిటైల్ అలాగే మిగిలిపోతుంది. నేను గ్యారేజీలో చేసిన తొలి బీర్లలో ఒకటి ఇలాగే పోయింది. జనవరిలో ఒక రాత్రి చలిగాలి వచ్చి గ్యారేజీ 3 డిగ్రీలకు పడిపోయింది. హీట్ బెల్ట్ లేదు. నెల తర్వాత తీస్తే గ్లాసు నిండా వెన్న వాసన. బీరు 18 నుంచి పైకే పోవాలి, మధ్యలో కిందికి దిగకూడదు.

రోజుకు రెండుసార్లు నోటు పుస్తకంలో మూడు అంకెలు రాయండి: గది, బకెట్ గోడ, నియంత్రికలో పెట్టినది. పది బీర్ల తర్వాత మీ గ్యారేజీకి సరిపడే అంకెలు ఆ పుస్తకమే చెబుతుంది.

9. వేడి పెంచవలసిన సమయం

నాలుగో రోజున సాంద్రత చూడండి. 1.050తో మొదలైనది 1.022 దగ్గరికి వచ్చి ఉంటే, నియంత్రికను 20కి, మర్నాడు 21కి పెంచండి. రుచిని చెడగొట్టే దశ దాటిపోయింది. ఇప్పుడు వెచ్చదనం ఈస్ట్‌ను మెలకువగా ఉంచి, అది వదిలిన డయాసిటైల్‌ను దానిచేతే తినిపిస్తుంది.

మూడు రోజుల తేడాతో రెండుసార్లు సాంద్రత కొలవండి. రెండూ ఒకే అంకె, ఈ బీరుకు సుమారు 1.010 నుంచి 1.012, చూపితే పులియడం అయిపోయింది. ఎయిర్‌లాక్ బుడగలు ఆగడం గుర్తు కాదు. మూత సందుల్లోంచి గాలి పోయినా బుడగలు ఆగుతాయి.

చల్లబరిచే ముందు వెన్న పరీక్ష:

- రెండు చిన్న గాజు సీసాల్లో కొంచెం కొంచెం బీరు పోసి మూత వదులుగా పెట్టండి.
- ఒకదాన్ని 65 డిగ్రీల వేడినీళ్లలో 20 నిమిషాలు ఉంచండి. రెండోది బయటే ఉండాలి.
- వేడిచేసినదాన్ని చల్లార్చి, రెండూ వాసన చూడండి.

వేడిచేసినదానిలో వెన్న వాసన వస్తే, డయాసిటైల్‌గా మారబోయే పదార్థం ఇంకా ఉందన్నమాట. ఇంకో రెండు మూడు రోజులు 21లోనే ఉంచి మళ్లీ చూడండి. ఈ పరీక్షకు అరగంట పడుతుంది, నెల రోజుల శ్రమను కాపాడుతుంది.

10. చల్లబరచడం

నియంత్రికను 2 డిగ్రీలకు దించి రెండు మూడు రోజులు ఉంచితే ఈస్ట్, హాప్స్ తుక్కు అడుగుకు చేరి బీరు తేటపడుతుంది.

చల్లబడే బకెట్ లోపలి వాయువు ముడుచుకుని బయటి గాలిని, కొన్నిసార్లు ఎయిర్‌లాక్‌లోని నీళ్లనూ లోపలికి లాగుతుంది. గాలి పోతే కొన్ని వారాల్లో తడి అట్టముక్క రుచి వస్తుంది. దీనికి సులువైన ఉపాయం: పులియడం జోరు మీద ఉన్నప్పుడే వెలువడే వాయువుతో ఒక శుభ్రమైన బుడగ సంచిని నింపి ఉంచుకోండి. చల్లబరిచేటప్పుడు ఎయిర్‌లాక్ చోట దాన్ని తగిలిస్తే గాలికి బదులు అదే లోపలికి పోతుంది. గాజు జాడీని గట్టిగా బిరడా బిగించి ఎన్నడూ చల్లబరచకండి, పగలవచ్చు.

11. సీసాల్లో నింపడం: చక్కెర లెక్కలో జరిగే పొరపాటు

సీసాలో పొంగు కోసం వేసే చక్కెర, బీరులో ఇప్పటికే కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ మీద ఆధారపడుతుంది. లెక్కకట్టే పట్టికలు "బీరు ఉష్ణోగ్రత ఎంత" అని అడుగుతాయి. చల్లబరిచి 2 దగ్గర ఉంది కాబట్టి 2 అని రాస్తారు. అది తప్పు. పులియడం ముగిసేటప్పుడు చేరిన అత్యధిక ఉష్ణోగ్రతను రాయాలి. ఆ వేడికి పోయిన వాయువు, తర్వాత చల్లబరిచినంత మాత్రాన తిరిగి రాదు.

తేడా ఎంతో చూడండి. 2.4 వాల్యూముల పొంగు (లీటరు బీరులో 2.4 లీటర్ల వాయువు) కావాలి. 21 దగ్గర పులిసిన 19 లీటర్లకు సుమారు 110 నుంచి 115 గ్రాముల పంచదార పడుతుంది. 2 అని రాస్తే లెక్క దాదాపు సగానికి, 60 గ్రాముల లోపుకు, పడిపోతుంది. బీరు చప్పగా ఉంటుంది.

నింపిన సీసాలను 21 నుంచి 24 మధ్య రెండు వారాలు, చీకట్లో ఉంచండి. వెంటనే ఫ్రిజ్‌లో పెడితే పొంగదు. పొంగాక మాత్రం ఫ్రిజ్‌లోనే ఉంచండి. ఆగస్టు గ్యారేజీలో 40 డిగ్రీల వేడికి మూడు వారాలు వదిలితే, అంత జాగ్రత్తగా చేసిన బీరు పాతబడిపోతుంది.

12. లాగర్ చేయాలనుకుంటే

లాగర్ అంటే ఏల్ కన్నా చల్లగా పులియబెట్టే బీరు. ఏల్ మూడుసార్లు బాగా కుదిరాకే మొదలుపెట్టండి. డబ్ల్యూ-34/70 లాంటి ఈస్ట్ రెండు ప్యాకెట్లు, వర్ట్ 10 దగ్గర ఉండగా వేయాలి. 12 దగ్గర పులియనివ్వండి. మొత్తం తగ్గవలసిన సాంద్రతలో నాలుగింట మూడొంతులు తగ్గాక 16కి పెంచి మూడు నాలుగు రోజులు ఉంచి, వెన్న పరీక్ష చేయండి. తర్వాత రోజుకు 2 డిగ్రీల చొప్పున 1కి దించి నాలుగు వారాలు ఆగండి. మధ్యలో కోడిగుడ్డు వాసన వచ్చినా భయం లేదు, అది క్రమంగా పోతుంది.

13. తప్పులు, దిద్దుబాట్లు

18 గంటలైనా కదలిక లేదు. ముందు మూత తీసి నురుగు ఉందేమో చూడండి. లేకపోతే 19కి పెంచి మెల్లగా బకెట్‌ను ఊపండి. 48 గంటలకు కూడా సాంద్రత మారకపోతే కొత్త ప్యాకెట్ వేయండి.

మర్నాడు చూస్తే 25 డిగ్రీలుంది. ఒక్కసారిగా 18కి దించకండి. ఈస్ట్ ఆగిపోతుంది. గంటకు ఒక డిగ్రీకి మించకుండా 20 దాకా దించి అక్కడే ఉంచండి. కొంత ఎస్టర్ వచ్చే ఉంటుంది, అది పోదు.

1.020 దగ్గర ఆగిపోయింది. 21 లేదా 22కి పెంచి, అడుగున ఉన్న ఈస్ట్ లేచేలా బకెట్‌ను తిప్పండి, కానీ చిలకరించకండి. ఐదు రోజులైనా కదలకపోతే మాష్ థర్మామీటర్‌ను అనుమానించండి. 66 అనుకున్నది 71 అయి ఉంటే, మిగిలిన చక్కెరను ఈస్ట్ తినలేదు.

వెన్న వాసన, ఇంకా సీసాల్లో నింపలేదు. 21కి తెచ్చి ఐదారు రోజులు ఆగండి. ఎక్కువసార్లు పోతుంది. పోకుండా పుల్లదనం కూడా తోడైతే కారణం వేడి కాదు, శుభ్రత లోపం.

సీసాలు తెరవగానే పొంగి పోతున్నాయి. పులియడం పూర్తి కాకుండా నింపి ఉండవచ్చు. వెంటనే అన్నింటినీ ఫ్రిజ్‌లో పెట్టండి. కళ్లద్దాలు, మందపాటి చేతితొడుగులు లేకుండా ముట్టుకోకండి. పగిలే గాజు ఆటవస్తువు కాదు.

14. చల్లబరిచే ఏర్పాటు లేనివారికి

అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు, ఫ్రీజర్‌కు చోటు లేదు, ఇంట్లో 26 కన్నా తగ్గదు. అలాంటప్పుడు ఇంటిని ఈస్ట్‌కు తగ్గట్టు మార్చే బదులు, ఇంటికి తగ్గ ఈస్ట్‌ను ఎంచుకోండి. నార్వే పల్లెల నుంచి వచ్చిన క్వైక్ అనే ఈస్ట్ రకాలు వేడికి పుట్టినవి. లాల్‌బ్రూ వాస్ అనే పొడి ఈస్ట్ 35 నుంచి 40 డిగ్రీల మధ్య హాయిగా పనిచేసి, కొద్దిగా నారింజ తొక్క వాసన ఇస్తుంది. రెండు మూడు రోజుల్లోనే చాలావరకు పులియడం ముగుస్తుంది.

దీనికీ నిలకడ కావాలి, కాకపోతే పైవైపు. వర్ట్‌ను 35 దగ్గర ఆపి ఈస్ట్ వేయండి, బకెట్‌కు దుప్పటి చుట్టండి, చలికాలమైతే హీట్ బెల్ట్ పెట్టండి. సగం పులిశాక ఏసీ గాలి తగిలి 24కి పడిపోతే అదీ ఆగిపోతుంది. ప్రోబ్‌ను గోడకు ఆనించి ఫోమ్ కప్పడం ఇక్కడ కూడా మరవకండి.